స్వర్ణయుగం కింది అంతస్తు

తంజావూరు రఘునాథ నాయకుడి కాలం గురించి మన సాహిత్య చరిత్రల్లో రెండు మాటలు వినపడతాయి. ఒకటి స్వర్ణయుగం, రెండోది క్షీణయుగం. మొదటి మాట అనేవాళ్ళు చేమకూర వేంకటకవిని, రామభద్రాంబను, మధురవాణిని, రఘునాథుడు స్వయంగా రాసిన వాల్మీకి చరిత్రను చూపిస్తారు. రెండో మాట అనేవాళ్ళు అదే సభలోని శృంగారాన్నీ శ్లేషల్నీ చూపించి ముక్కు మూసుకుంటారు. ఈ రెండు పక్షాలూ ఎంత కొట్టుకున్నా ఒక విషయంలో మాత్రం ఇద్దరికీ చక్కటి సఖ్యత ఉంది. ఆ సభకి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది అనే ప్రశ్న దగ్గర ఇద్దరూ మర్యాదగా తల తిప్పుకుంటారు.

నేను ఆ ప్రశ్న అడగాలంటున్నాను. దాన్ని అడగడం మొదలుపెట్టడానికి మంచి చోటు తంజావూరు కాదనీ, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డున ఉన్న తరంగంబాడి కోటలోని చిన్న మ్యూజియమనీ అంటున్నాను.

ముందే చెప్పేస్తాను, నేను తెలుగు ఎమ్మే చదవలేదు, చరిత్రకారుణ్ణీ కాదు. చెన్నైలో కోడ్ రాసుకుని బతికే ఇంజినీర్ని. విజయవిలాసంలో తాపీ ధర్మారావుగారి హృదయోల్లాస వ్యాఖ్య పక్కన లేకుండా ఒక్క పేజీ కూడా దాటలేను. కాకపోతే ఏదైనా సిస్టమ్ బ్రహ్మాండంగా నడుస్తోందని ఎవరైనా అంటే “దీనికి బిల్లు ఎవరు కడుతున్నారు?” అని అడగడం మా వృత్తిలో అలవాటు. పద్యాలు చదివేటప్పుడు ఆ అలవాటుని చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలి రమ్మంటే నాకు కుదరదు.

తరంగంబాడి ఇప్పటి మయిలాడుదురై జిల్లాలో ఉంది. డేనిష్‌వాళ్ళు ట్రాంకేబార్ అని పిలిచేవారు. 1620 నుంచి 1845 దాకా, మధ్యలో ఇంగ్లిషువాళ్ళు ఆక్రమించిన కొన్నేళ్ళు మినహా, ఆ ఊరు డెన్మార్క్ చేతిలో ఉంది. 1792లో కట్టిన ఊరి ద్వారం దాటి లోపలికి నడిస్తే తెల్లటి చర్చీలు, పాత బంగళాలు, చివర్లో సముద్రానికి ఎదురుగా పసుపు రంగు డాన్స్‌బోర్గ్ కోట. మ్యూజియం కోటలోనే, తమిళనాడు పురావస్తు శాఖ అధీనంలో ఉంది. నన్ను తీసుకెళ్ళింది మా టీమ్‌లోని తమిళ మిత్రుడు. వాళ్ళది ఆ చుట్టుపక్కల ఊరే. ద్వారం దగ్గర నేను కాస్త దర్జాగా, “ఈ ఊరు డేనిష్‌వాళ్ళకి ఇచ్చింది మా తెలుగు రాజే, తెలుసా?” అన్నాను. వాడు నవ్వి, “ఇచ్చింది మీ రాజేరా. ఊరు మాత్రం మాది” అన్నాడు.

ఆ మాట కొంచెం గుచ్చుకుంది. గుచ్చుకోవాలి కూడా. మన సాహిత్య చరిత్రలో “దక్షిణాంధ్ర యుగం” అనే శీర్షిక కింద ఒక పెద్ద అధ్యాయం ఉంటుంది కదా, ఆ పేరులో దక్షిణం ఉంది, ఆంధ్రం ఉంది, అక్కడ ఉన్న మనుషులే లేరు. కావేరి నీళ్ళతో పండిన వడ్లు తిని, ఆ డెల్టాలో నేసిన బట్ట కట్టుకుని, ఆ తీరం మీద వసూలైన సుంకంతో కవులకి సత్కారాలు జరిగాయి. మనం మాత్రం ఆ రాజ్యాన్ని ఏదో సభామండపం ఒక్కటే ఆకాశంలో వేలాడుతున్నట్టు చదువుకున్నాం.

ఇక ఆ ఇవ్వడం ఎలా జరిగిందో చూద్దాం. రాజు నాలుగో క్రిస్టియన్ హయాంలో, 1616లో డేనిష్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. ఓవె గెడ్డె నాయకత్వంలో ఓడలు సిలోన్ వైపు బయల్దేరాయి. వాటికంటే ముందు వచ్చిన ఓరెసుండ్ అనే ఓడని కారైక్కాల్ దగ్గర పోర్చుగీసువాళ్ళు ముంచేశారు. చచ్చిపోయిన నావికుల్లో ఇద్దరి తలలు హెచ్చరికగా ఒడ్డున గుచ్చి నిలబెట్టారని చెప్తారు. ఆ ఓడని నడిపించిన రోలాండ్ క్రాపె, ఇంకో పదముగ్గురూ బతికి ఒడ్డుకి కొట్టుకొచ్చి, పట్టుబడి, చివరికి రఘునాథుడి దర్బారులో తేలారు. 1620 నవంబరులో ఒప్పందం కుదిరింది. డేనిష్‌వాళ్ళకి ఊరు, కోట కట్టుకునే హక్కు, మిరియాల వ్యాపారానికి అనుమతి దక్కాయి. రాజుకి ఏటా అద్దె. 3,111 రూపాయలు అని ఊరి చరిత్ర చెప్పే ప్రతివాళ్ళూ ఒకే అంకె చెప్తారు (అప్పటి తంజావూరులో చెల్లింది బంగారు నాణేలు, రూపాయలు కాదు, అది వేరే గొడవ). డెన్మార్క్ రాజుకి రఘునాథుడు బంగారు రేకు మీద లేఖ రాయించి పంపాడు. ఆ రేకు ఇవాళ కోపెన్‌హేగన్‌లో, డెన్మార్క్ జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉంది.

రఘునాథుడు అమాయకుడు కాడు. అప్పటికే నాగపట్నంలో పోర్చుగీసువాళ్ళు పాతుకుపోయి ఉన్నారు. కొనేవాడు ఒక్కడే అయితే ధర వాడు చెప్పిందే. రెండోవాడు వస్తే మొదటివాడు దారికొస్తాడు. ఒక చేపల రేవుని అద్దెకిచ్చి పోటీ కొనుగోలుదారుణ్ణి తెచ్చుకోవడం లెక్క తెలిసిన మనిషి పని. ఈ లెక్క తెలిసిన మనిషీ, వాల్మీకి కథ రాసిన మనిషీ ఒకడే. ఆ రెండో మనిషినే మనం ఉంచుకున్నాం. మొదటివాణ్ణి డేనిష్‌వాళ్ళకి వదిలేశాం, బంగారు రేకుతో సహా.

ఇంకో సంగతి. ఆ రేకు మీద ఉన్న భాష తమిళం. రామకథ తెలుగులో, రేవు కౌలు తమిళంలో. ఇందులో వింతేమీ లేదు. నేలతో, వర్తకంతో పని పడ్డప్పుడు నేల మాట్లాడే భాషలో రాస్తారు. కానీ “తమిళ దేశంలో తెలుగు వెలుగులు” అని మీసం మెలేసే మన ప్రసంగాల్లో ఈ చిన్న వివరం ఎందుకు వినపడదు? వినపడితే ఆ వెలుగు సభామండపం దాటి ఎంత దూరం పడిందో కొలవాల్సొస్తుంది కాబట్టి.

సరే, మ్యూజియం. అద్దాల పెట్టెల్లో పింగాణీ, గాజు సామాను, మట్టి బొమ్మలు, కత్తులు, ఈటెలు, దీపాలు, కొన్ని రాతి విగ్రహాలు. కోటకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది వీటిని గబగబా చూసేసి గోడ మీదికెళ్ళి సముద్రంతో ఫోటోలు దిగుతారు. దిగనివ్వండి. కానీ మీరు విజయవిలాసం చదివినవాళ్ళయితే మాత్రం కాసేపు లోపలే ఉండండి.

మొదట చూడాల్సింది వస్తువుల్ని కూడా కాదు, కోటని. డాన్స్‌బోర్గ్‌కి రెండు అంతస్తులు. కింద కమాను గదుల్లో సరుకుల కొట్లు, వంటిల్లు, సైనికుల బస, చెరసాల. పైన గవర్నరు, పెద్ద వర్తకులు, పాద్రి, ఒకప్పుడు ప్రార్థన మందిరం కూడా. అంటే కింద మోసేవాళ్ళూ మోతా, పైన రాసేవాళ్ళూ రాతా. మన సాహిత్య చరిత్ర మొత్తం పై అంతస్తులోనే కూర్చుని రాసింది. నాయకరాజుల గురించి మాత్రమే కాదు, ఏ రాజు గురించయినా అంతే.

రెండోది, పెట్టెల్లో ఏముందన్నది కాదు, ఏది మిగిలింది అన్నది. ఈ రేవు నుంచి ఓడల్లోకి ఎక్కిన సరుకుల్లో ప్రధానమైంది నూలుబట్ట. మ్యూజియంలో కంటికి ఆనేది పింగాణీ. ఎందుకంటే పింగాణీ పగిలినా మిగులుతుంది. బట్ట చిరిగితే మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ మట్టిలో కలుస్తుంది. మా భాషలో దీన్ని సర్వైవర్‌షిప్ బయాస్ అంటాం. మిగిలినవాటిని మాత్రమే చూసి, ఉన్నవన్నీ ఇవేనని తీర్మానించడం. నేతగాడు బట్ట నేసి అమ్మేశాడు. ఆ బట్ట ఎక్కడో ఎవరి ఒంటి మీదో చిరిగిపోయింది. గవర్నరు భోజనాల బల్ల మీద పళ్ళెం మాత్రం చిన్న ముక్కయినా మన దాకా వచ్చింది. కావ్యం కూడా పింగాణీలాంటిదే. తాళపత్రం మీదికెక్కింది, ఎవరో నకలు రాసుకున్నారు, ఎవరో అచ్చేశారు, మిగిలింది. అదే ఊళ్ళో మగ్గం గుంటలో కూర్చున్నవాడు పాడుకున్న పాట మిగల్లేదు. మిగిలినదాన్ని ప్రేమించడం తప్పు కాదు. మిగిలిందే యుగమంతా అనుకోవడం దగ్గరే నా పేచీ.

ఆ బట్ట ఎక్కడికి పోయిందో కూడా చూడాలి. కొంత కోపెన్‌హేగన్ వేలంపాటల్లో అమ్ముడుపోయింది. అక్కణ్ణుంచి కొంత ఆఫ్రికా పశ్చిమ తీరానికి, డేనిష్ కోటలకి చేరింది. అక్కడ నల్లజాతి మనుషుల్ని కొనడానికి ఇచ్చే సరుకుల్లో భారతీయ నూలుబట్ట ముఖ్యమైంది. అలా కొన్న మనుషుల్ని కరీబియన్‌లోని సెయింట్ థామస్, సెయింట్ క్రోయి దీవుల చెరకు తోటలకి పంపారు. అంత దూరం దేనికి, ఈ తీరంలోనే కరువు వచ్చినప్పుడు అమ్ముడుపోయిన మనుషుల్ని కొని ఓడల్లో ఆగ్నేయాసియా రేవులకి తోలిన చరిత్ర డేనిష్ కంపెనీకి ఉంది. రఘునాథుడు వీటిలో చాలావాటికి ముందే పోయాడు, ఆయన్ని బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. కానీ 1620లో కుదిరిన ఆ ఒప్పందం మనకి “పరదేశీయులు సైతం మెచ్చిన రఘునాథ వైభవం” అనే ఒక్క వాక్యంగా మాత్రమే మిగిలితే, దాని మిగతా వాక్యాలు ఎవరు చదవాలి?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. “కవిత్వాన్ని కవిత్వంగా చదవాలి గానీ పద్దు పుస్తకంలా కాదు. చేమకూర కవి చమత్కారానికీ రేవు సుంకానికీ ఏమిటి సంబంధం?” ఈ మాట అనేవాళ్ళు తరచుగా అవతారికలు దాటేసి చదివేవాళ్ళని నా అనుమానం. ప్రబంధం తెరవగానే ఏముంటుంది? కృతిభర్త వంశం, గెలిచిన యుద్ధాలు, చేసిన దానాలు, ఇచ్చిన బహుమానాలు, సంపద వర్ణన. ఆ తర్వాతే కథ. డబ్బు మాట ఎత్తడానికి పదిహేడో శతాబ్దపు కవికి ఏ సిగ్గూ లేదు. పుస్తకం మొదట్లోనే రసీదు అతికించి మరీ మన చేతికిచ్చాడు. సిగ్గు మనది. ఆ రసీదుని చింపేసి, లోపలి పద్యాలు మాత్రమే “శుద్ధ కవిత్వం” అని దాచుకున్నది మనం. కాబట్టి పద్దు పుస్తకాన్ని కావ్యంలోకి నేను తేవడం లేదు. అక్కడ ముందే ఉంది, తీసి పక్కన పెట్టకండి అంటున్నాను.

ఈ రెండింటినీ కలిపి చదవొచ్చని చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 1992లో తెచ్చిన ‘సింబల్స్ ఆఫ్ సబ్‌స్టాన్స్’ నాయక రాజ్యాల మీదే. అందులో సభలోని భోగం, అన్నదానాలు, వర్తకం, తుపాకులు, తీరం మీద కంపెనీలు అన్నీ ఒకే కథలో పాత్రలు. ఆ పుస్తకం ఇంగ్లిషులో వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. తెలుగులో జరిగే ప్రబంధ చర్చలు వింటే మాత్రం అది ఇంకా రేవులో దిగనట్టే ఉంటుంది.

పేరు సంగతి కూడా చెప్పాలి. “తరంగంబాడి అంటే పాడే అలల ఊరు” అని పర్యాటక శాఖ కరపత్రాల నుంచి యూట్యూబ్ వీడియోల దాకా అందరూ అంటారు. తరంగం అనేసరికి మనకి ఇంకా హాయిగా ఉంటుంది, సంస్కృతం కలిసింది కదా. ఆ ఊళ్ళో సముద్రం ఒడ్డునే మాసిలామణినాథర్ గుడి ఉంది. పాండ్యరాజు మారవర్మ కులశేఖరుడి కాలంలో, 1306లో కట్టింది. ముందు భాగం అలలు మింగేశాయి. ఆ గుడి శాసనంలో ఊరి పేరు సడంగన్‌పాడి, మారుపేరు కులశేఖరన్‌పట్టినం. పాడి అంటే తమిళ ఊళ్ళ పేర్లలో పల్లె, ఆవాసం. పట్టినం అంటే రేవు పట్నం. అలలూ లేవు, పాటా లేదు. మనుషులు కాపురముండే చోటు, సరుకు దిగే చోటు, అంతే. డేనిష్‌వాళ్ళు రావడానికి మూడొందల ఏళ్ళ ముందే అది రేవు. కానీ ఊరి కథ అనగానే 1620తో మొదలుపెట్టడం అందరికీ అలవాటైపోయింది. కోట కనపడుతుంది కాబట్టి కోటతోనే మొదలుపెడతాం. గుడి సగం నీళ్ళలో పోయింది కాబట్టి అది ఫుట్‌నోట్ అయింది.

మనకి గర్వకారణంగా పనికొచ్చే ఇంకో ముడి కూడా ఈ ఊళ్ళోనే ఉంది. 1706లో సీగన్‌బల్గ్, ప్లూచౌ అనే ఇద్దరు జర్మన్ మిషనరీలు ఇక్కడ దిగారు. తమిళ పుస్తకాలు అచ్చేసిన సీగన్‌బల్గ్‌ని డేనిష్ గవర్నరే ఈ కోటలో నాలుగు నెలలు ఖైదు చేశాడు. కింది గదుల సంగతి చెప్పాను కదా, అదన్నమాట. వాళ్ళ తర్వాత 1719లో అదే మిషన్‌కి వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ తర్వాత మద్రాసు వెళ్ళి తెలుగు నేర్చుకున్నాడు. జర్మనీ తిరిగెళ్ళాక 1740ల్లో హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా లెక్కకొచ్చేవి అవే. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మనవాళ్ళ మొహాలు వెలుగుతాయి. నాకూ సంతోషమే. కానీ ఆయనకి తెలుగు నేర్పిందెవరు? ఆ అక్షరాలు చూపించి, తప్పులు దిద్ది, ఒక పదానికి ఇంకో పదం అందించిన మనిషి ఒకరో ఇద్దరో ఉండి తీరాలి. షుల్ట్జ్ పేరు మనకి నోటికొచ్చు. ఆ మనిషి పేరు ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు నేను. మళ్ళీ అదే, పింగాణీ మిగిలింది, బట్ట పోయింది.

2000 తర్వాత డేనిష్‌వాళ్ళు తిరిగొచ్చారు, ఈసారి సున్నం, ఇటుకలు, పరిశోధకులతో. అక్కడి సంఘాలు, కోపెన్‌హేగన్ జాతీయ మ్యూజియం, ఇక్కడి సంస్థలు కలిసి కోటనీ గవర్నరు బంగళానీ బాగుచేశాయి. పని బాగా చేశారు, అందులో అనుమానం లేదు. కానీ బాగుచేసేవాడు తనకి కనపడినదాన్ని బాగుచేస్తాడు. 1845లో సెరంపూర్‌ని కూడా కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి ఇంగ్లిషువాళ్ళకి అమ్మేసిన ఊరి మీద డెన్మార్క్‌కి ఉన్న బెంగ డెన్మార్క్‌ది. 2004 డిసెంబరులో సునామీ ఇదే ఒడ్డుని కొట్టినప్పుడు కోట నిలబడింది, మత్స్యకారుల ఇళ్ళు పోయాయి, ఎన్నో ప్రాణాలు పోయాయి. స్థానిక చరిత్ర అనే మాటలో “స్థానిక” అంటే కోటా, ఆ ఇళ్ళా? మా మిత్రుడు ద్వారం దగ్గర అన్నది ఈ ప్రశ్నే. తెలుగువాళ్ళం మనం గోడకి ఏ పక్కన నిలబడ్డామో చూసుకోవాలి. మనం కూడా ఆ ఊరికి బెంగతో వెళ్ళే పాత యజమానుల లెక్కలోకే వస్తాం, డేనిష్‌వాళ్ళ పక్కన.

“ముందు మన తీరం సంగతి చూడు” అంటారా? చూస్తాను. ఆంధ్ర తీరంలో ఒక చిన్న మ్యూజియంకి వెళ్ళాను, పేరెందుకు. ఒక పెట్టెలో నాణేలు, పక్కన చీటీ మీద “పురాతన నాణెములు” అని ఉంది. ఇంకో పెట్టెలో కత్తి, చీటీ మీద “కత్తి”. వేళాకోళం కాదు. డేటా ఉండి మెటాడేటా లేకపోతే అది చెత్తతో సమానమని మేం రోజూ అనుకుంటాం. బందరునే తీసుకోండి. ఆ పేరుకే రేవు అని అర్థం. అక్కడ డచ్చి, ఇంగ్లిషు, ఫ్రెంచి వర్తకులతో పాటు డేనిష్‌వాళ్ళు కూడా కొఠీ పెట్టుకున్నారు, తరంగంబాడి ఒప్పందమైన కొన్నేళ్ళకే. 1864 నవంబరు తుపానులో సుమారు ముప్పై వేలమంది పోయారు. అక్కడి కలంకారీ గురించి మనం కాఫీ టేబుల్ మీద పెట్టుకునే పుస్తకాలు కొంటాం. అద్దకం చేసినవాళ్ళ అప్పుల గురించి, దళారుల బయానాల గురించి కథలు ఎన్ని చదివాం? బయానా తీసుకుని నేసేవాడికి ధర చెప్పే హక్కు ఉండదని ఈ తీరంలో నేతపని తెలిసిన ఎవరినడిగినా చెప్తారు.

అందుకని నా వాదన ఇది, దీన్ని కొంచెం మొండిగానే చెప్తాను. రఘునాథ యుగాన్ని స్వర్ణయుగం అనకండి, క్షీణయుగమూ అనకండి. ఆ రెండూ సభలో వినపడిన పద్యాలకి వేసిన మార్కులు. పద్యం మంచిదైతే మంచిదే. విజయవిలాసం ఎప్పుడు తీసినా నాకు మతిపోతుంది, ఇవాళ రాత్రి తీసినా పోతుంది. ఆ ఆనందాన్ని ఎవరూ లాక్కోవడం లేదు. ఆ ఆనందానికి ఊళ్ళూ మగ్గాలూ రేవులూ ఎంత చెల్లించాయో తెలుసుకుంటే పద్యం పాడైపోతుందని భయపడేవాళ్ళకి పద్యం మీద నాకున్నంత నమ్మకం లేదని మాత్రం అంటాను.

డిగ్రీ వాచకాల్లో నాయకరాజుల పాఠం ఇంకోసారి కూర్చేవాళ్ళు ఎవరైనా ఈ వ్యాసం చదువుతుంటే ఒక చిన్న కోరిక. వేంకటకవి పద్యాలు ఎన్ని వేయాలనుకుంటే అన్నీ వేయండి. ఆ పేజీకి ఎదురు పేజీలో బంగారు రేకు ఫోటో వేయండి, కింద దాని తమిళ పాఠం, తెలుగు అనువాదం ఇవ్వండి. అవతారికని కోసేయకండి. ప్రశ్నల దగ్గర “రఘునాథుని సాహిత్య పోషణను వివరింపుము” అనేదాని కింద ఇంకొక్కటి చేర్చండి: ఆ పోషణకు వనరులేవి, అవి ఎవరి నుంచి వచ్చాయి? పది మార్కులు ఇవ్వొచ్చు.